సంతకం వచ్చు, చదవడం రాదు: ఒక పొదుపు సంఘం కేస్ స్టడీ

2015 సెప్టెంబరులో మార్కాపురం వైపు ఒక ఊళ్ళోని పొదుపు సంఘానికి బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. సంఘంలో పది మంది. తీసుకున్న అప్పు 3 లక్షలు, తీర్చాల్సింది 36 కంతుల్లో. సభ్యుల లెక్కలో 24 కంతులు కట్టేశారు, మనిషికి నెలకు వెయ్యి, పైన పదో పరకో. బ్యాంకు లెక్కలో పడినవి 15. తొమ్మిది నెలల డబ్బు, దగ్గర దగ్గర 90 వేలు, ఆడవాళ్ళ కొంగుముళ్ళు దాటింది కానీ బ్యాంకు గడప తొక్కలేదు.

నేను అప్పట్లో ఆ మండలంలో సంఘాలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. నోటీసు చదివి చెప్పమని నాకు కబురు పెట్టారు. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎవరి గురించి చెప్పాల్సి వచ్చినా వాళ్ళు చేసే పనిని బట్టో, వయసును బట్టో చెబుతాను.

ఊళ్ళోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం గదిలో చాప పరిచి అందరం కూర్చున్నాం. అప్పు పుస్తకం, పాసు పుస్తకం, తీర్మానాల పుస్తకం మధ్యలో పెట్టాను. మొదట డబ్బు ఎవరి చేతికి ఇచ్చారని అడిగాను. అందరూ ఒకే మాట చెప్పారు: పుస్తకాలు రాసే అబ్బాయికి. తర్వాత తీర్మానాల పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగి పైకి చదివాను. "రుణమాఫీ విషయం తేలేవరకు బ్యాంకు కంతులు నిలుపుదల చేసి, వసూలైన సొమ్మును పుస్తక నిర్వాహకుని వద్ద ఉంచడానికి సభ్యులందరి అంగీకారంతో తీర్మానించడమైనది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బర్రెలు మేపుకునే ఆమె ముందుగా తేరుకుంది. "మేము ఇలా ఎప్పుడు అన్నాం?"

"కింద సంతకాలు ఎవరివో చూడండి" అన్నాను. ఒక్కొక్కరే పుస్తకం మీదికి వంగి తమ సంతకం మీద వేలు పెట్టారు. పదీ అసలైనవే. ఒక్క వేలిముద్ర కూడా లేదు. ప్రతి నెలా జరిగే మామూలు తీర్మానమే అనుకుని పెట్టారు. ఆ నెలలో ఏం రాశారో అడగాలని ఎవరికీ తోచలేదు. అడగడానికి అక్కడ ఏదో ఉందని తెలిస్తే కదా.

ఆ అబ్బాయి దొంగ అనుకుంటే ఈ కేసు సులువుగా ముగిసిపోయేది. డిగ్రీ చదివి ఉద్యోగం దొరకక ఊళ్ళో ఉన్నాడు. ఎవరికి దరఖాస్తు కావాలన్నా రాసిపెట్టేవాడు. 2014 ఎన్నికలప్పుడు డ్వాక్రా అప్పులు మాఫీ అవుతాయన్న మాట ఊరూరా పాకింది. చాలా సంఘాలు కట్టడం ఆపేశాయి. మాఫీ మాట చివరికి సభ్యురాలికి 10 వేల పెట్టుబడి నిధిగా, పసుపు-కుంకుమ పేరుతో మారింది. ఈలోగా కట్టని సంఘాల అప్పు మొండి బకాయిల్లోకి పోయింది, గడువులోగా కట్టినవాళ్ళకే దక్కే వడ్డీ రాయితీ కూడా చేజారింది. ఈ అబ్బాయి కూడా మొదట్లో 'మాఫీ వస్తే ఈ డబ్బు వాళ్ళకే మిగులుతుంది' అనుకునే తన దగ్గర ఉంచాడట. తర్వాత బత్తాయి చెట్లు ఎండిపోతుంటే బోరు వేయించాడు. నీళ్ళు పడలేదు. రెండోది వేయించాడు. ఈ మూడు వాక్యాల్లో 90 వేలు అయిపోయాయి.

ఇక నా వంతు. ఆ సంఘానికి అంతకుముందు రెండేళ్ళపాటు 'ఎ' గ్రేడు ఇచ్చింది నేనే. సమావేశాలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయా, పొదుపు కడుతున్నారా, పుస్తకాలు రాసి ఉన్నాయా, సభ్యులందరూ సంతకం చేయగలరా అని నేను నింపే పత్రంలో ఉండేది. అన్నిటికీ అవుననే రాశాను, అన్నీ నిజమే. రాసిన పుస్తకాన్ని సభ్యులు చదవగలరా అన్న ప్రశ్న ఆ పత్రంలో లేదు. నాకైనా తట్టి ఉండాల్సింది, ఎందుకంటే నేను ఈ పనిలోకి వచ్చిందే చదువు చెప్పడానికి.

రాత్రి బడి నుంచి పొదుపు డబ్బాకు

మాది నెల్లూరు జిల్లా. 1991లో అక్షర దీపం కార్యక్రమం వచ్చినప్పుడు ఇంటర్మీడియట్ చదువుతూ మా ఊళ్ళో రాత్రి బడికి వాలంటీరుగా చేరాను. అంతకుముందు ఏడాదే కేరళలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటితమైంది, ఆ ఊపులో మా జిల్లాలోనూ పని మొదలైంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా అమ్మకం ఆపించిన సంగతి, వాళ్ళకు ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. వాచకంలో సారా గురించిన పాఠం, ఆ పాఠం మీద రాత్రి చర్చ, తెల్లారితే దుకాణం ముందు ఆడవాళ్ళు. జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోదాన్ని సడలించారు.

ఈ ఉద్యమాన్ని అక్షరం గెలిపించిందని శిక్షణల్లో చెప్పడం మాకు అలవాటు. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. కానీ మా ఊళ్ళో నేను చూసింది వేరు. పాఠం సగంలో ఆగిపోయేది, మాట మాత్రం సాగేది. లాంతరు చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళు ఇంటిపని లేకుండా గంటసేపు కూర్చోవడం ఆ ఊరికి కొత్త. ఆ కూడికే పని చేసింది. సారా దుకాణం మూతపడే నాటికి మా బడిలో గుణింతం దాటినవాళ్ళు అరడజను మంది కూడా లేరు. ఉద్యమం గెలిచింది కాబట్టి ఆ లెక్క ఎవరూ అడగలేదు.

తర్వాత సారాకు పోయే డబ్బును పొదుపు చేద్దామన్న మాట వచ్చింది. రోజుకో రూపాయి. పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. అటు 1992లోనే గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. 2000లో ప్రభుత్వ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ వచ్చింది, దాని పథకం వెలుగు వచ్చింది. పావలా వడ్డీ, 2012 నుంచి వడ్డీ లేని రుణాలు వచ్చాయి. అప్పు పెరిగిన కొద్దీ కాగితం పెరిగింది. కాగితం పెరిగిన కొద్దీ పుస్తకాలు రాయడానికి చదువుకున్నవాళ్ళు కావాల్సి వచ్చింది. రాత్రి బడిలో పలక పట్టినవాళ్ళు ఇప్పుడు పొదుపు డబ్బా పట్టుకున్నారు, పలక అటక ఎక్కింది. చదువులో మిగిలిన ముక్క సంతకం ఒక్కటే, ఎందుకంటే బ్యాంకుకు అది చాలు. 2009లో కేంద్రం వయోజన విద్యా పథకం సాక్షర భారత్ వచ్చాక నేను చెబుతున్న ఈ ఊరిలోనూ వయోజన విద్యా కేంద్రం తెరిచారు. అక్కడ పేపరు చదివేది మగవాళ్ళు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఆడవాళ్ళ అక్షరాస్యత సుమారు 59 శాతం, మగవాళ్ళది సుమారు 75. అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితేనే అక్షరాస్యులని ఆ లెక్కల నిర్వచనం. కానీ ఇంటికి వచ్చినవాళ్ళు అడిగి రాసుకుంటారు, చదివించి చూడరు. మా సంఘంలో పది మందిని అడిగితే ఎనిమిది మంది 'వచ్చు' అంటారు. అబద్ధం కాదు. వాళ్ళకు చదువంటే సంతకమే.

ఏం చేశాం

గ్రామైక్య సంఘాలకు పైనుండే మండల సమాఖ్యలో మాట్లాడినప్పుడు పరిష్కారం వెంటనే తేలిపోయింది: ఆ అబ్బాయిని తీసేసి నమ్మకమైన మరొకరిని పెట్టడం, డబ్బు రాబట్టడం. రెండోదానికి నాకు అభ్యంతరం లేదు. మొదటిది నాకు నచ్చలేదు. ఒక చదివేవాడి స్థానంలో మరో చదివేవాణ్ణి పెట్టి, ఆ వచ్చినవాడి మంచితనం మీద మళ్ళీ పది మంది ఇళ్ళు నిలబెట్టడం ఏమి పని? కొత్త మనిషిని పెట్టుకోండి గానీ, ఆరు నెలలు ఈ సంఘాన్ని నాకు వదలండి అని అడిగాను. అధ్యక్షురాలు ఒప్పుకుంది, ముఖం చిట్లించే. "ఇలా నిలదీస్తూ పోతే పుస్తకాలు రాసేవాళ్ళు దొరకరు మేడం" అంది. ఆ మాటలో నిజం లేకపోలేదు.

అక్టోబరులో మొదలుపెట్టాం. వారానికి మూడు రాత్రులు, వంటలయ్యాక ఎనిమిదిన్నరకు. వాచకం పెట్టలేదు. మూడే కాగితాలు: పాసు పుస్తకం, డబ్బు తీసే ఫారం, తీర్మానాల పుస్తకం. ఈ మూడూ చదవడం వస్తే చాలు, మిగతాది తర్వాత చూద్దాం అనుకున్నాను.

అక్షరాలతో కాక అంకెలతో మొదలుపెట్టాను. 1991లో ఈ తెలివి నాకు లేదు. అ, ఆ దగ్గర మొదలై ఒత్తుల దగ్గర సగం మందిని పోగొట్టుకునేవాళ్ళం. ఈ పది మందిలో ఎనిమిది మందికి అంకెలు వచ్చు. ఫోను నొక్కుతారు, నోటు చూసి గుర్తుపడతారు, బస్సు నంబరు చెబుతారు. రానిదల్లా పెద్ద సంఖ్యను విడదీసి చదవడం. అందులోనూ పాసు పుస్తకం పెట్టే తిప్పలు వేరు. నిల్వ గడిలో 208364.00 అని అచ్చయి ఉంది. మధ్యలో కామాలు లేవు, చివర చుక్క, రెండు సున్నాలు. మిషను కుట్టే ఆమె వేలితో ఒకట్లు, పదులు, వందలు అని లెక్కపెట్టుకుంటూ వచ్చి నిలువునా నీరైపోయింది. "రెండు కోట్లా మేడం?" అంది. చుక్క తర్వాతవి పైసలని చెప్పాను. పైసలు చూసి ఎన్నేళ్ళయిందో, బ్యాంకు మాత్రం వాటిని వదలదు. చుక్క అవతలి సున్నాలను బొటనవేలితో మూసి చదవడం ఆ రోజు నుంచి మా పద్ధతి.

గడుల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఆ అక్షరాలు నేర్పే ప్రయత్నం చేయలేదు. ఎడమవైపు గడిలో పడితే డబ్బు పోయినట్టు, దాని పక్క గడిలో పడితే వచ్చినట్టు, చివరిది నిల్వ. అప్పు ఖాతాలో నిల్వ అంటే మనది కాదు, మనం ఇవ్వాల్సింది. ఇది మాత్రం వారం పట్టింది. పొదుపు ఖాతాలో నిల్వ పెరిగితే సంతోషం, అప్పు ఖాతాలో పెరిగితే ఏడుపు, రెండు పుస్తకాలూ ఒకే రంగు. చివరికి అప్పు పుస్తకం అట్టకు ఎర్ర గుడ్డ కుట్టారు.

మూడో వారానికి తరగతి రెండుగా చీలింది. చిన్నవాళ్ళు ముందుకు పోతున్నారు, పెద్దవాళ్ళు ఐదుగురు ఉన్నచోటే ఉన్నారు. "వయసయ్యాక బుర్రకు ఎక్కదమ్మా" అంటున్నారు. ఒకరాత్రి అందరికంటే పెద్దామె పాసు పుస్తకాన్ని చేయి పూర్తిగా చాపి పట్టుకుని, తల వెనక్కి వాల్చి చూడటం గమనించాను. బుర్ర కాదు, చత్వారం. నలభై దాటిన ప్రతివాళ్ళకూ వచ్చేది. మొగుడికి చత్వారం వస్తే కళ్ళజోడు వస్తుంది, పేపరు చదవాలి కనుక. ఆమెకు వస్తే ఎవరికి తెలుస్తుంది? బియ్యంలో రాళ్ళు కోడలు ఏరుతుంది, సూదిలో దారం మనవరాలు ఎక్కిస్తుంది. ఆదివారం సంతలో ఐదుగురికీ దగ్గరి చూపు కళ్ళజోళ్ళు కొన్నాం, జత 120 రూపాయలు. పెట్టుకోగానే పెద్దామె పాసు పుస్తకం కాదు, తన అరచేయి చూసుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1991లో మా బడికి మూడు వారాలు వచ్చి, ఎక్కడంలేదని చెప్పి పలక తిరిగి ఇచ్చేసినామె ఒకరు గుర్తొచ్చారు. నలభై ఐదేళ్ళ మనిషి. లాంతరు వెలుగులో చిన్న అక్షరాలు పెట్టి నేను ఆమెను రెట్టించి అడిగేదాన్ని. ఆమె చదువు మానేసిందని నివేదికలో రాశాను. 'ఆసక్తి లేదు' అన్న గడిలో.

ఎందుకు వచ్చారు, ఎందుకు మానారు

డబ్బు పోయిందన్న కోపం నెలకు మించి ఎవరినీ తరగతికి రప్పించలేదు. నిలబడ్డవాళ్ళు వేరే కారణాలతో నిలబడ్డారు. ఒకామెకు సంఘం పొదుపు నుంచి తాను తీసుకున్న అంతర్గత అప్పు సంగతి కోడలికి తెలియకూడదు. ఇన్నాళ్ళూ కోడలే పుస్తకం చదివి చెప్పేది, దాంతో ఇంట్లో ప్రతి గొడవలోనూ ఆ అప్పు ఎంతో అంకెతో సహా బయటికి వచ్చేది. మరొకామెకు తొమ్మిదో తరగతి చదివే కూతురుంది, పుస్తకం చదివి పెట్టగలదు. కానీ తీసుకున్న అప్పు ఆ పిల్ల పెళ్ళి కోసం దాచిన బంగారానికి. అది పిల్లకు తెలియనివ్వకూడదట. 'తల్లి చదువు బిడ్డకు వెలుగు' అని గోడల మీద రాయించే మాకు, తల్లి తన గుట్టు తన దగ్గర దాచుకోవడానికి చదువుకుంటుందని తట్టలేదు.

(ఆ పిల్లకు పదహారో ఏట సంబంధం వచ్చింది. తల్లి వద్దంది, తండ్రి సరే అన్నాడు. పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఆగారు, తర్వాత పిల్ల మార్కాపురంలో ఇంటర్మీడియట్‌లో చేరింది. దీన్ని మా తరగతి ఖాతాలో వేయను. ఆ తల్లి మా తరగతికి ముందు కూడా అలాగే మొండిది.)

అందరికంటే నొచ్చుకున్నది లీడరు. ఐదో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. బ్యాంకుకు వెళ్ళేది, మాట్లాడేది ఆమే. ఆ పది మందిలో ఆమె విలువ ఆ చదువు వల్లే. మిగతావాళ్ళు పాసు పుస్తకం తీసుకుని 'ఇదేమిటి, అదేమిటి' అని అడగడం మొదలుపెట్టాక పది రోజులు తరగతికి రాలేదు. నేను ఇంటికి వెళ్తే, "నన్ను కూడా దొంగను చేశారు కదా" అంది. ఖాళీ ఫారాల మీద ఆమె సంతకాలు చేసిన మాట నిజం. ఆమెకు డబ్బు ముట్టలేదన్నదీ నిజం. ఆమెను తిరిగి తీసుకురావడానికి నేను పెద్దగా చేసిందేమీ లేదు. పెద్దామె వెళ్ళి ఏం మాట్లాడిందో తెలియదు, మరుసటి రాత్రి ఇద్దరూ కలిసి వచ్చారు.

మగవాళ్ళ సంగతి అనుకున్నంత గొడవ కాలేదు. ఒకరిద్దరు తలుపు దగ్గర నిలబడి నవ్వేవాళ్ళు. ఒకాయన మాత్రం "ఇన్నాళ్ళూ సంతకం సరిపోలేదా?" అని సూటిగా అడిగాడు. నవ్విన వాళ్ళకంటే ఆయనకే ఈ తరగతి ఎందుకో బాగా అర్థమైందని నాకు అనిపించింది.

జనవరిలో కంది కోతలు, ఫిబ్రవరి నుంచి గుంటూరు వైపు మిరప కోతలు. ఆరుగురు పిల్లాపాపలతో ట్రాక్టరెక్కి వెళ్ళిపోయారు. తరగతి రెండు నెలలు మూతపడింది. ఏప్రిల్‌లో తిరిగి వచ్చేసరికి సగం మరిచిపోయారు. ఈ కరవు ప్రాంతంలో ఏ చదువు ప్రణాళిక వేసినా మిరప కోతల క్యాలెండరు ముందు పెట్టుకోవాలి. ఒకప్పుడు దేశంలోని బడిపిల్లలకు పలకలు పంపిన ప్రాంతం ఇది. మా సంఘంలోనే ఇద్దరు చిన్నతనంలో పలకల కార్ఖానాకు కూలికి వెళ్ళినవాళ్ళు. పలక అంచు నున్నగా రుద్దడం వాళ్ళకు ఇప్పటికీ చేతి వేళ్ళలో ఉంది.

ఏం తేలింది

జూన్ చివరికి లెక్క ఇది. లీడరును పక్కన పెడితే తొమ్మిది మంది. నలుగురు ఎవరి సాయమూ లేకుండా రెండు పాసు పుస్తకాలూ చదవగలరు, తీర్మానాన్ని కూడబలుక్కుని చదవగలరు. ముగ్గురు తేదీ, కట్టిన మొత్తం, నిల్వ పట్టుకోగలరు. అక్షరాలు మాత్రం రాలేదు. ఇద్దరు మానేశారు. ఆరు నెలలు అడిగి తొమ్మిది నెలలు తీసుకున్నదానికి ఇది పెద్ద ఫలితమని నేను అనను. పై అధికారులకు పంపిన నివేదికలో కొంచెం పెద్దదిగానే రాశాను.

అబ్బాయి తండ్రి జత ఎడ్లు అమ్మి 60 వేలు రెండు విడతలుగా తెచ్చి ఇచ్చాడు. మిగతా 30 వేలు సభ్యులే పంచుకుని భరించారు. పోలీసుల దాకా వెళ్ళవద్దని వాళ్ళే తీర్మానించుకున్నారు. ఆ తీర్మానాన్ని మిషను కుట్టే ఆమె రాసింది, పెద్దామె కళ్ళజోడు పెట్టుకుని వేలుతో గీత వెంట నడుస్తూ పైకి చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు.

రెండు అలవాట్లు నిలిచాయి. అంకె వేయని ఫారం మీద ఎవరూ సంతకం పెట్టరు. తీర్మానం రాసినవాళ్ళు కాకుండా మరొకరు పైకి చదివాకే పుస్తకం చేతులు మారుతుంది. మొదటి అలవాటు వల్ల బ్యాంకులో రెండుసార్లు చీవాట్లు తిన్నారు. వెనక వరుస నిలబడి ఉంటే, కౌంటరు దగ్గర కళ్ళజోడు వెతుక్కునే ముసలామెను చూసి ఎవరికైనా విసుగే.

ఈ పద్ధతిని మరో రెండు సంఘాల్లో ప్రయత్నించాను. ఒకచోట సాగింది, ఇంకోచోట నోటీసు లాంటి దెబ్బ ఏదీ తగలకపోవడంతో మూడు వారాల్లో ఆగిపోయింది. దెబ్బ తగలకముందే ఈ చదువు మీద ఆశ పుట్టించడం ఎలాగో నాకు ఇంకా చేతకాలేదు. ఇప్పుడు డబ్బు పడినట్టు, తీసినట్టు సమాచారం ఫోనుకు వస్తుంది, అదీ ఇంగ్లీషులో, అదీ ఎక్కువగా కొడుకు దగ్గరుండే ఫోనుకు. పుస్తకానికి కుట్టిన ఎర్ర గుడ్డ ఆ ఫోనుకు పనికిరాదు.

కిందటిసారి ఆ ఊరు వెళ్ళినప్పుడు తీర్మానాల పుస్తకం తెప్పించుకుని చూశాను. మానేసిన ఇద్దరిలో ఒకామె, బర్రెలామె, మొదటి రోజు 'మేము ఇలా ఎప్పుడు అన్నాం' అని అడిగిన మనిషి, ఇప్పటికీ పక్కనున్న ఆమె ఏం చదివితే దానికి తలూపి సంతకం పెడుతోంది. తెల్లారకముందే లేచి పాలు పితకాలి, రాత్రి తరగతి కుదరదని మొదట్లోనే చెప్పింది, నేను వేళ మార్చలేదు. ఆ పేజీలో అందరికంటే గుండ్రంగా, తీరుగా ఉన్న సంతకం ఆమెదే.